నలభై ఫందాల టోపీ

తుష్నాబాద్‌లో మధ్యాహ్నం మూడు గంటల బస్సు ఎక్కి, ఎన్నడూ దొరకని కిటికీ పక్క సీటు ఇవాళ దొరికిందని సంబరపడి, సంచీలోంచి పసుప్పచ్చ ఊలు టోపీ తీసి, దానికి ఇక పైన మూసెయ్యడం ఒక్కటే మిగిలిందని మరోసారి మురిసి, యర్రమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. షిల్లాంగ్ నుంచి కూతురు జాహ్నవి మాట రికార్డు చేసి పంపింది. ఆ పిల్లకి తెలుగు మాట్లాడ్డమే గాని రాయడం రాదు, అండమాన్ ద్వీపంలో పుట్టిన పిల్లలందరికీ అంతే, అందుకని ఏదైనా మాటే పంపుతుంది. ‘ఆంటీ’ అని మొదలైంది మాట. కన్నతల్లిని ఆంటీ అంటుందేమిటి, నెలలు నిండేసరికి మతిమరుపు కూడా వచ్చేసిందా అని యర్రమ్మ నవ్వుకుంది. ఆ నవ్వు అలా పెదాల మీద ఉండగానే మిగతాదంతా చెవిలో పడిపోయింది.

“ఆంటీ, బన్నీకి ఈ టోపీ కూడా చిన్నదైపోతాది. ఇంకో ఎనిమిది ఫందాలు పెంచమని అమ్మకి చెప్పండి, పెహ్లే జైసా మళ్లీ ఏదో ఒక గల్తీ చూపించి విప్పించెయ్యండి. పాలు బాగానే తాగుతున్నాడు, చార్ కిలో అయ్యాడు నిన్నటికి. నాన్న తెచ్చిన టోపీ ఇప్పుడు సగం తలకే వస్తంది. ఈ వారం దాకా అమ్మకి తెలీకుండా చూడండి ఆంటీ, ఇక్కడికి వచ్చాక నేనే చెప్తాను, మైఁ బతా దూఁగీ.”

రెండోసారి విందామని వేలు పెట్టేలోపు ఆ మాట అక్కడ లేదు. తీసేసింది. తల్లికి అల్లిక నేర్పే మంజుకి పంపబోయి తల్లికే పంపానని తెలుసుకుని తీసేసింది. వెంటనే ఫోను మోగింది, జాహ్నవి ఫొటో, పెళ్లినాటి ఫొటో, బుగ్గన చుక్కతో. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. యర్రమ్మ దాని నోరు నొక్కి సంచీ అడుక్కి, బెండకాయల కిందికి తోసేసింది. బెండకాయలు మంజుకే. ఇరవై ఏళ్లుగా తోటలో లేత కాయ ఏది కాసినా మొదట మంజు ఇంటికే. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

పాలు తాగుతున్నాడు. తాగుతున్నాడంటే మగపిల్లాడు. చార్ కిలో అంటే నిన్న మొన్న పుట్టినవాడు కాదు. ఈ నెలాఖరుకి కదా పురుడు, డాక్టరు చెప్పిన తేదీ తనకి నోటికొచ్చు, వచ్చే బుధవారం కలకత్తా విమానానికి టికెట్టు తీసింది అందుకే కదా, అక్కణ్నించి గౌహతి, గౌహతిలో అల్లుడు రాజేంద్ర వచ్చి తీసుకెళ్తానన్నాడు. తీసుకెళ్లి ఏం చూపిస్తాడు, కని పెంచిన పిల్లాణ్ని చూపిస్తాడా. తొలి పురుడు పుట్టింట్లో పోసుకోవాలి, అది రివాజు. ఏడో నెలలో విమానం ఎక్కొద్దని డాక్టరు అన్నాడంటే సరే అంది, తల్లే కూతురి దగ్గరికి వెళ్తుంది, పుట్టిల్లంటే గోడలు కాదుగా. మెత్తటి పాత చీరలు నాలుగు ఉతికి, గంజి లేకుండా ఆరేసి, మడత పెట్టి, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టింది. మొదట పసివాణ్ని చుట్టాల్సింది ఆ చీరల్లో. వాడిని దేనిలో చుట్టారో. ఆసుపత్రి దుప్పట్లోనా, అత్తగారి చీరలోనా. ఆవిడైతే వచ్చే ఉంటుంది. అందరూ వచ్చే ఉంటారు.

బస్సు మలుపు తిరిగింది, ఒళ్లోని సలాయిలు, అదే అల్లిక సూదులు, జారబోతే పట్టుకుంది. ఇనప సలాయిలు రెండు, మంజు పెళ్లినాడు హిమాలయాల్లోని గఢ్వాల్ పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి, పట్టుకుని పట్టుకుని నున్నబడ్డవి. మంజు మొగుడు పోలీసు వైర్లెస్‌లో పని చేసి, రిటైరై టౌనులో డైరీ ఫార్మ్ అనే పేటలో ఇల్లు కట్టుకున్నాడు. జాహ్నవి పదకొండు, పన్నెండు చదివినప్పుడు రోజూ తుష్నాబాద్ నుంచి బస్సులో అలిసిపోతోందని ఆ ఇంట్లో ఉంచారు, రెండేళ్లు మంజు చేతి రొట్టెలే తింది. సెలవులకి ఇంటికొచ్చి “మంజు ఆంటీ ఐసా నహీ కర్తీ”, ఆంటీ ఇలా చెయ్యదు, అంటే యర్రమ్మకి ఎక్కడో చిన్నగా గుచ్చుకునేది. ఎవరికీ చెప్పుకోలేదు. మనసు ఇరుకని నవ్వుతారు. ఇరుకు కాదు, ముందే తెలిసిందన్నమాట, కూతురికి కష్టం వచ్చిననాడు ఎవరి పేరు నోటికొస్తుందో.

జూలైలో మొదలుపెట్టింది అల్లడం. అండమాన్‌లో ఊలు అల్లడమంటే ఎవరైనా నవ్వుతారు. అరచేతిలో చెమటకి ఊలు తడిసి ముద్దవుతుంది, ఒళ్లో పెట్టుకుంటే తొడలు ఉడికిపోతాయి. కానీ షిల్లాంగ్‌లో చలిట, పసిపిల్లలకి తల కప్పాలిట. కొనుక్కుపోవచ్చుగా అన్నాడు మొగుడు రమణయ్య. కొన్నది ఎవరైనా కొంటారు. యర్రమ్మ చెయ్యి ఖాళీగా ఉండే చెయ్యి కాదు, జంగ్లీఘాట్ ఒడ్డున తండ్రి గవరయ్య పక్కన కూర్చుని ఆరేళ్లప్పుడే చిరిగిన వలలు కుట్టిన చెయ్యి. కన్నుకి కన్ను కలిపి, కన్నుకో ముడి బిగించి, ముడి బిగిసిందో లేదో పంటితో లాగి చూసేవాడు తండ్రి. బిగవకపోతే మళ్లీ విప్పించేవాడు. అందుకే మంజు మొదటిరోజు సలాయి మీద ఫందాలు ఎక్కించి, అంటే ఊలుతో వరసగా ఉచ్చులు వేసి, సీధా ఇలా, ఉల్టా ఇలా అని చూపించి చేతికిస్తే, యర్రమ్మ ఒక వరస అల్లి ఇచ్చింది. మంజు దాన్ని పట్టుకుని చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. ప్రతి ఫందాకీ ఒక ముడి. “దీదీ, బచ్చే కీ టోపీ హై, మఛలీ పకడ్నే కా జాల్ నహీ.” ఇది పసిపిల్లల టోపీయట, చేపల వల కాదట, ఇందులో ముడి ఉండదట. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, మధ్యలో అంతా ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు దూరిపోవడమే. మరి ముడి లేకుండా దేన్ని నమ్ముకుని నిలబడుతుంది అని అడిగింది యర్రమ్మ. మంజు కళ్లు తుడుచుకుంటూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి అంది. ఆ మాట ఎంతో బాగుందనుకుని ఇంటికెళ్లి మొగుడికి కూడా చెప్పింది. వెర్రిబాగుల్ది.

“యర్రమ్మక్కా, టికెట్టు.” తాతబ్బాయి, ఈ బస్సు కండక్టరు, నెత్తి మీద వెంట్రుకలు పోయాయి గాని పరాచికాలు పోలేదు. “ఇంకా అవలేదేటి ఆ టోపీ, పిల్లోడు పుట్టి మీసాలొచ్చీసిందాకా అల్లుతావా ఏటి. ఇంకెన్ని రోజులట?”

బస్సులో అందరికీ తెలుసు. తెలియక ఏం, తనే చెప్పింది, ఎక్కినవాళ్లకల్లా చెప్పింది, తేదీతో సహా చెప్పింది. వెనక సీట్లో పోకచెక్కల బస్తా పెట్టుకున్న ముసలాయన కూడా ముందుకి వంగాడు వినడానికి. యర్రమ్మ నోరు తెరిచింది.

“ఇంకో పది రోజులు” అంది.

ఎంత సులువుగా వచ్చిందో. నాలుక తడబడలేదు, మొహం మాడలేదు. తాతబ్బాయి నవ్వుకుంటూ వెనక్కి పోయాడు, బస్సు నడుస్తూనే ఉంది, చినుకులు పడుతున్నాయి, ఎవరో కిటికీ దించారు. ఓహో, ఇలాగన్నమాట చెప్పేది. ఒకటి చెప్పాక రెండోది దానంతటదే వస్తుందన్నమాట. ఇన్నాళ్లుగా కూతురు, మొగుడు, మంజు ముగ్గురూ తనకి చెప్పింది ఇంత సులువుగానే చెప్పి ఉంటారు.

ఎప్పుడు పుట్టి ఉంటాడు. వేళ్లు ఒళ్లోని ఫందాల మీద వాటంతటవే నడుస్తున్నాయి, రెండేసి, రెండేసి, లెక్కపెట్టడం అలవాటైపోయిన వేళ్లు. నలభై ఎనిమిది. దీనికి ముందుది నలభై నాలుగు. దానికి ముందుది నలభై. అన్నిటికన్నా మొదటిది అరవై. అరవైతో మొదలుపెట్టించింది మంజు, సగం దాకా వచ్చింది కూడా. ఆగస్టు పదిహేను జెండా పండగ వెళ్లిన మూడోనాడు, మంజు తలుపు తీసినప్పుడు కళ్లు ఉబ్బి ఉన్నాయి, జలుబు అంది, కూర్చోబెట్టి, చేతిలోంచి టోపీ తీసుకుని, ఇది వద్దు దీదీ, ఇది విప్పేసి నలభైతో వెయ్యి అంది. నలభై అంటే బొమ్మకి సరిపోతుందే అంది యర్రమ్మ. మంజు అటు తిరిగి, పుట్టినప్పుడు చాలా చిన్నగా ఉంటారు దీదీ, నువ్వు మర్చిపోయావు అంది. నలభై. ఆ రోజు పుట్టాడు వాడు, లేదా ముందురోజు. ఏడో నెలలోనే. గుప్పెడంత తల. తను మాత్రం గురువు చెప్పింది కదా అని తలొంచుకుని నలభై ఫందాలు ఎక్కించింది.

ఆ నలభై ఫందాల టోపీయే తను మొట్టమొదట పూర్తి చేసింది. పండగలా ఉండింది ఆ రోజు. మంజు తిప్పి తిప్పి చూసి, చెవి దగ్గర ఒక ముడి పడింది, పాత అలవాటు పోలేదు నీకు, ఇది పనికిరాదు, నేను విప్పి ఊలు తీసి ఉంచుతాలే అని లోపల పెట్టేసింది. యర్రమ్మ సిగ్గుపడింది. ఆ ముడి తనకి తెలుసు, బస్సు కుదుపుకి ఫందా జారితే, మళ్లీ జారకుండా ఉంటుందని దొంగతనంగా వేసింది, తండ్రి వేసే ముడి. తర్వాత నాలుగు రోజులకి రమణయ్య కళ్లు మసకేస్తున్నాయని కలకత్తా వెళ్లాడు. పెద్దాసుపత్రిలో చూపించుకుంటానని పది రోజులు వెళ్లాడు. తిరిగొచ్చాక చూస్తే అవే కళ్లజోళ్లు, ఎడమ కాడకి దారం కట్టిన అవే జోళ్లు. ఏమన్నారంటే ఏం లేదన్నారు అన్నాడు. కళ్లు బాగున్నాయట గాని అదేపనిగా తడుస్తుండేవి, మందు వేశారేమో అనుకుంది. పుట్టిన ఇరవై ఒకటో నాడు బారసాల. ఈ ముసలాడు మనవడి బారసాలకి వెళ్లొచ్చాడు. తన చేత్తో అల్లిన, మంజు విప్పకుండా దాచి ఇచ్చిన టోపీ జేబులో పెట్టుకుని, తనకి చెప్పకుండా, తను కట్టిచ్చిన పులిహోర తింటూ వెళ్లాడు.

అంటే ఆ టోపీ వాడి తలకి ఎక్కింది. ఆ ఆలోచన దగ్గర యర్రమ్మ మనసు ఒక్క క్షణం ఆగిపోయింది, ఏడవాలో నవ్వాలో తేలలేదు. తన చేతి చెమటతో తడిసిన ఊలు వాణ్ని ముట్టుకుంది, తను ముట్టుకోలేదు. ఆ ముడి? చెవి దగ్గరి ముడి గుచ్చుకుని ఉంటుందా? అంత లేత తల. ఏ నర్సయినా చూసి ఉంటుందా, ఎవరైనా పక్కకి జరిపి ఉంటారా. ముందే చెప్పి ఉంటే ఆ ముడి వేసేదా తను. చెప్పి ఉంటే రాత్రీ పగలూ కూర్చుని వెన్నలాంటి టోపీ అల్లి ఉండేది. మనిషిని చీకట్లో కూర్చోబెట్టి, చేతులతో మాత్రం పని చేయించుకున్నారు.

ఎందుకు చెప్పలేదో తెలుసు. తెలియకపోతే ఇంకొంచెం గట్టిగా తిట్టుకోవచ్చు, తెలుసు. రెండేళ్ల కిందట మొదటి కడుపు మూడో నెలలో పోయినప్పుడు ఫోనులో ఆ మాట విని గారాచర్మ బస్టాపులో తను విరుచుకుపడిపోయింది. బీపీ. ఎనిమిది రోజులు ఆసుపత్రి. ఒళ్లు పచ్చిగా ఉన్న పిల్ల విమానమెక్కి వచ్చి తల్లి మంచం పక్కన కూర్చుని గ్లూకోజు బుడ్డీ చూసింది. పిల్లని ఓదార్చాల్సింది పోయి పిల్ల చేత ఓదార్పించుకుంది. అది నిజమే. ‘నీ గురించి ఏడవాలో నా గురించి ఏడవాలో తెలీలేదమ్మా’ అంది వెళ్లేముందు, నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నది మనసులో పెట్టుకుందన్నమాట. సరే, పుట్టిన రోజు చెప్పలేదు, బతుకుతాడో లేదో అని చెప్పలేదు, ఒప్పుకుంటుంది. రెండు కిలోలు అయినప్పుడు చెప్పొచ్చుగా. మూడు అయినప్పుడు? వీడియోలో కనపడకుండా, నెట్‌వర్క్ బాలేదమ్మా, మాట్లాడు చాలు అని గోడల్ని చూపించడం దేనికి? మొన్నటికి మొన్న, కడుపులో కదులుతున్నాడా అని తను అడిగితే, “బాగా తంతన్నాడమ్మా” అంది. తన్నే కాళ్లని పక్కలో వేసుకునే అంది. ఆ మాటకి మాత్రం క్షమాపణ లేదు.

ఇంకొకటి ఉంది. దాని దగ్గరికి మనసు వెళ్లి వెళ్లి వెనక్కి వస్తోంది, పుల్లటి కాయ కొరికిన పన్నులాగ. బన్నీ. ఈ పేరు ఇవాళ కొత్తగా విన్నది కాదు. రెండు నెలలుగా వింటూనే ఉంది. ‘టోపీ బున్నీ హై, స్వెటర్ బున్నీ హై’ అంటుంది మంజు పొద్దస్తమానం, అల్లాలి అని. వంటింట్లో కుక్కరు కూతల మధ్య మంజు ఫోనులో మాట్లాడుతుంటే, మధ్య మధ్యలో అదే మాట వినపడేది, బన్నీ ఠీక్ హై, బన్నీ అచ్ఛా హై. వరండాలో కూర్చుని, బున్నీ అంటున్నారనుకుని యర్రమ్మ ఉప్పొంగిపోయేది. కూతురు ఫోను చేసి మరీ తన అల్లిక ఎలా సాగుతోందో అడుగుతోంది, మంజు బాగుందని చెబుతోంది. పోకతోటలో రమణయ్య ఫోను పట్టుకుని అదే మాట అంటూ ముసిముసిగా నవ్వుతుంటే, ఏటది అని అడిగింది ఒకరోజు. ఆయన తడుముకోలేదు. “నీ బున్నీ గురించేనే, అమ్మ బున్నీ బాగా నేర్చీసిందని సెప్తన్నాను” అన్నాడు. మనవడి పేరు తన ముందే, తన చెవుల మీదుగా, అటూ ఇటూ పోయింది. తను దాన్ని పట్టుకుని, నాకే మెచ్చుకోలు అనుకుని, ఆ పూట రెండు వరసలు ఎక్కువ అల్లింది. నలుగురిలో చీర జారిపోయినా ఇంత సిగ్గుండదు.

వాన పెరిగింది. బస్సు అద్దాలన్నీ మూశారు, లోపల చెమట, తడి గొడుగులు, ఎవరిదో ఎండుచేపల సంచీ. గారాచర్మ దాటింది. ఇంకో పావుగంటలో డైరీ ఫార్మ్. స్టాపులో మంజు గొడుగుతో నిలబడి ఉంటుంది, ఎప్పుడూ నిలబడుతుంది. ఇంటికి తీసుకెళ్తుంది, అల్లం చాయ్ ఇస్తుంది, టోపీ చేతిలోకి తీసుకుని వెలుగుకి పెట్టి చూస్తుంది. చూసి ఒక తప్పు పడుతుంది. జాహ్నవి మాట ఈపాటికి చేరే ఉంటుంది, ఎనిమిది పెంచాలి, అందుకని ఏదో ఒక గల్తీ. నలభై నాలుగుది విప్పించినప్పుడు బిగువైందంది. ఇవాళ ఏమంటుందో, వదులైందంటుందేమో. తను నిజమనుకుంది. ఒక్కొక్కసారి విప్పించినప్పుడల్లా ఇంటికెళ్లి లైటు కింద కూర్చుని, ఎక్కడ తప్పిందో అని వేళ్లని తిట్టుకుంది. యాభై నాలుగేళ్లొచ్చాక చెయ్యి కొత్త పని పట్టదు కాబోలు, వల కుట్టిన మొరటు చెయ్యి కదా, అని ఎన్నిసార్లు అనుకుందో. చేతుల్లో తప్పేం లేదు. తప్పంతా వాళ్లు దాచినదాంట్లో ఉంటే, తెచ్చి తన చేతుల మీద పెట్టారు. కూతురు దాచింది, మొగుడు దాచాడు, ఇంటివాళ్లతో అలాంటివి ఎప్పట్నించో పడుతూనే ఉంది. కానీ నేర్పేమనిషి, పని బాగుందో లేదో ఆమె ఒక్కతే చెప్పాలి, ఆమె అబద్ధం చెబితే నేర్చుకునేవాళ్లకి ఇంకెవరున్నారు?

యర్రమ్మ టోపీని ఒళ్లో పరిచింది. ఈ బస్సులో, ఈ మసక వెలుగులో, మొదటిసారి తన కళ్లతోనే చూసింది, మంజు కళ్లతో కాదు. వరసలు సమంగా ఉన్నాయి. అంచు వంకర పోలేదు. బాగుందేమో అనిపించింది, కానీ ఇక దేన్నీ అనిపించినంతలో నమ్మబుద్ధి కాలేదు. సలాయి మెల్లిగా బయటికి లాగింది. నలభై ఎనిమిది ఫందాలు నోళ్లు తెరుచుకుని అలాగే నిలబడ్డాయి, దేన్నీ పట్టుకోకుండా. దారం కొస పట్టుకుని లాగింది. మొదటి వరస చిటచిటమంటూ విడిపోయింది, రెండోది, మూడోది. పక్కసీటావిడ అయ్యో అయ్యో అంది. యర్రమ్మ వినలేదు. లాగుతూ ఉంది, ఎడమచేతికి చుట్టుకుంటూ ఉంది, ఎక్కడైనా పట్టేస్తుందేమో, ఎక్కడైనా మెలిపడి ఆగుతుందేమో అని వేలికొసతో వెతుకుతూ ఉంది. ఎక్కడా ఆగలేదు. ఒక్క ముడి లేదు. ఒక్క ఫందా జారలేదు, ఒక్కటి తప్పలేదు. నెల రోజుల పని పావుగంటలో, నీళ్లు పోసినట్టు, మొదలు దాకా వచ్చేసింది. తప్పుగా అల్లినదైతే ఇంత శుభ్రంగా విడిపోదు. తనకి అల్లడం వచ్చు. ఎప్పుడో వచ్చేసింది. అప్పుడు వచ్చింది ఏడుపు, బస్సులో అందరి ముందూ, చప్పుడు లేకుండా, బుగ్గల మీదుగా గడ్డం దాకా.

“డైరీ ఫార్మ్, డైరీ ఫార్మ్” అని తాతబ్బాయి అరిచాడు. నాలుగింబావుకే మబ్బుకి చీకటి పడినట్టుంది. యర్రమ్మ మొహం పైటతో తుడుచుకుని, ఊలు ఉండ గుప్పిట్లో పట్టుకుని, సంచీ భుజాన వేసుకుని దిగింది. స్టాపు రేకుల కింద మంజు నిలబడి ఉంది, నల్ల గొడుగుతో, చేతిలో ఫోను వెలుగుతూ ఉంది. నవ్వబోయి, ముందు యర్రమ్మ మొహం చూసింది, తర్వాత గుప్పిట చూసింది.

“అరే దీదీ, క్యా కియా? టోపీ ఎందుకు విప్పీసినావు?”

“నువ్వెలాగూ విప్పమంటావు గదా” అంది యర్రమ్మ. గొడుగు కిందికి వెళ్లలేదు, వానలోనే నిలబడింది. “ఈసారి గల్తీ వెతక్కు మంజూ. నిజం చెప్పు. బన్నీకి ఎన్ని ఫందాలు?”